పోవుడు, పోయొచ్చుడు: లాగౌట్‌కో చరిత్ర

మా బాన్సువాడలో ఎవరింటి నుంచి లేచినా "పోతున్న" అనరు, "పోయొస్త" అంటారు. కోస్తాలో "వెళ్లొస్తాను" అన్నా అదే. ఉత్త "పోయిండు" అన్న మాటను మనిషి కాలం చేసినప్పటికి దాచిపెట్టుకున్నాం. లేచి వెళ్లినవాడు మళ్లీ వస్తాడా, ఇక రాడా అన్నది మన భాషలో గడప దాటేటప్పుడే తేలిపోతుంది. కంప్యూటర్లకు ఈ తేడా తెలియడానికి యాభై ఏళ్లకు పైనే పట్టింది. ఇప్పటికీ పూర్తిగా తెలిసిందని నేను అనుకోను.

ఇది నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ప్రాంతం కాబట్టి మా చుట్టుపక్కల రైస్ మిల్లులు ఎక్కువ. కొన్ని మిల్లులకు, ఒక ఆడిటర్ ఆఫీసుకు కంప్యూటర్ల సంగతి చూడటం నా బతుకుతెరువు. మిల్లులో ఒక గదిలో సర్వర్ ఉంటుంది, లెక్కలన్నీ దాంట్లోనే. గుమస్తాలు తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చునో, ఇంటి దగ్గరి నుంచో 'రిమోట్ డెస్క్‌టాప్' తెరిచి సర్వర్‌లోకి వెళ్తారు. వాళ్ల తెర మీద కనిపించేదంతా నిజానికి ఆ గదిలో నడుస్తుంటుంది, వీళ్లకు వచ్చేది బొమ్మ మాత్రమే. ఒక మనిషి లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా సర్వర్ అతని కోసం పట్టి ఉంచే చోటును సెషన్ అంటారు. నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "అన్నా, లోపలికి పోనిస్తలేదు. ఇంకెవరో ఉన్నరంటున్నది." ఆ ఇంకెవరో ఒక్కరిని, మిగతావాళ్లను కదపకుండా బయటికి పంపాలి. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల్లో తేల్చుకోవాల్సిన ప్రశ్న చాలా పాతది. ఈ మనిషి వెళ్లిపోయాడా, మళ్లీ వస్తాడా? తేల్చేది ఎవరు?

దూరం నుంచి కంప్యూటర్‌ను వాడటం మొదటిసారి జరిగింది 1940 సెప్టెంబర్ 11న. అమెరికాలో హానోవర్ అనే చిన్న ఊళ్లో, డార్ట్‌మత్ కాలేజీలో గణితజ్ఞుల సభ. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ అక్కడ ఒక టెలిటైప్ పెట్టించాడు. లెక్క చేసే యంత్రం న్యూయార్క్‌లో ఉంది. ఇక్కడ అంకెలు కొడితే తీగ మీద అక్కడికి వెళ్లి, జవాబు తిరిగి ఇక్కడ అచ్చయింది. నార్బర్ట్ వీనర్, జాన్ మాక్లీ వంటి వాళ్లు వచ్చి కొట్టి చూశారు. ఇందులో లాగిన్ లేదు, లాగౌట్ లేదు. ఒక తీగ, ఒక యంత్రం, ఒక సమయానికి ఒక మనిషి. కుర్చీలోంచి లేస్తే వెళ్లినట్టు. ఎవరినీ పంపించే అవసరమే లేదు.

అవసరం వచ్చింది పంచుకోవడం మొదలైనప్పుడు. 1961 నవంబర్‌లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 'సీటీఎస్ఎస్' అనే వ్యవస్థను నడిపి చూపింది. ఒకే పెద్ద కంప్యూటర్, దానికి అనేక టెర్మినళ్లు. యంత్రం ఒక్కొక్కరికీ క్షణంలో కొంత భాగం ఇస్తూ వంతుల మీద తిరుగుతుంది. వంతుల సంగతి మాకు కొత్త కాదు. చెరువు కింద ఎవరి మడికి ఎంతసేపు తూము వదలాలో చూడటానికి తెలంగాణ ఊళ్లలో నీరటి ఉండేవాడు. ఎంఐటీ వాళ్లకు నీరటి ప్రోగ్రాములోనే ఉన్నాడు. ఎవరు ఎంత వాడారో రాసుకోవాలి కాబట్టి వచ్చేటప్పుడు పేరు చెప్పాలి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి. లాగిన్, లాగౌట్ అలా పుట్టాయి, పాస్‌వర్డ్ కూడా అక్కడే. వీటి పుట్టుకకు కారణం భద్రత అని చాలామంది అనుకుంటారు. నాకైతే అసలు కారణం కరణం లెక్కే అనిపిస్తుంది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలు ఇచ్చారు. అతని పనికి అవి చాలలేదు. 1962లో అందరి పాస్‌వర్డ్‌ల ఫైలును అచ్చు వేయించుకుని, వేరేవాళ్ల పేర్ల మీద లోపలికి వెళ్లి పని కానిచ్చుకున్నాడు. పక్కవాడి వంతు నీళ్లు రాత్రిపూట తన మడికి మళ్లించుకున్న రైతు మీకు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

డార్ట్‌మత్‌లో 1964 మే 1న కెమెనీ, కర్ట్జ్ ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. ఇంజనీర్ల కోసం కాకుండా కాలేజీ పిల్లలందరి కోసం. బేసిక్ భాష అక్కడ పుట్టిందే. వాళ్లు లాగిన్ అనే మాట పెట్టలేదు. వచ్చేటప్పుడు 'హలో' అని కొట్టాలి, వెళ్లేటప్పుడు 'గుడ్‌బై'. కంప్యూటర్ల చరిత్రలో నాకు నచ్చిన ఆదేశాలు ఈ రెండే. అయినా ఆ గుడ్‌బై కూడా "పోతున్న" అనడమే. "పోయొస్త" అనే వీలు అక్కడా లేదు. లేస్తే చోటు పోయినట్టే.

ఒకరిని బలవంతంగా దించడం అనేదానికి పేరు పెట్టింది మల్టిక్స్ అని నా లెక్క. 1965 నుంచి ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి తయారుచేసిన ఈ వ్యవస్థ 1969 అక్టోబర్‌లో ఎంఐటీ జనానికి తెరుచుకుంది. కంప్యూటర్ గదిలో కూర్చున్న ఆపరేటర్‌కు 'బంప్' అనే ఆదేశం ఉండేది. ఫలానా మనిషి పేరు ఇస్తే ఆ ఒక్క మనిషి బయటికి. మనుషులను గుంపులుగా విభజించి, ఒక్కో గుంపుకు ఇన్ని చోట్లు అని కేటాయించారు. మీ గుంపు వాటా నిండిపోయినా, ఎక్కడైనా ఖాళీ ఉంటే ఎక్కొచ్చు. కానీ వాటా ఉన్నవాడు వస్తే మీరు దిగాలి. కాకపోతే ఎక్కగానే దించేయరు, కొంత గడువు ఉండేది. ఆడవాళ్ల సీట్లో కూర్చున్న మగవాడి పరిస్థితి. ఆమె బస్సెక్కేదాకా కూర్చో, ఎక్కినాక లే. ఆ గడువు అనే ఆలోచన చాలా మర్యాదైనది. తర్వాతి వ్యవస్థల్లో చాలావాటికి అది అంటలేదు.

అదే నెలలో, అమెరికా పడమటి ఒడ్డున ఇంకో సంగతి జరిగింది. 1969 అక్టోబర్ 29 రాత్రి పదిన్నరకు లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, కొన్ని వందల మైళ్ల దూరంలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ కంప్యూటర్‌లోకి వెళ్లడానికి 'లాగిన్' అని కొట్టడం మొదలుపెట్టాడు. అవతల బిల్ డువాల్ ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఎల్ వచ్చిందా, వచ్చింది. ఓ వచ్చిందా, వచ్చింది. జీ కొట్టగానే అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. సుమారు గంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే పని జరిగింది. ఇంటర్నెట్‌కు తాత అయిన ఆర్పానెట్ మీద మొదటి సందేశం ఈ రెండక్షరాలే అని అందరూ ముచ్చటగా రాస్తారు. నాకు ముచ్చటగా ఉన్నది వేరే విషయం. నెట్‌వర్క్ మీద మొదటి సెషన్ పుట్టకముందే తెగిపోయింది, తెగిందని ఇద్దరికీ వెంటనే తెలిసింది. ఎలా? పక్కన ఫోన్ ఉంది కాబట్టి. ఆ ఫోన్ లేకపోతే క్లైన్ ఎంతసేపు తెర వంక చూస్తూ కూర్చునేవాడో!

ఫోన్ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే నేను ఈరోజు వాడే ఆదేశాల్లో ఒకటి ఫోన్ కొక్కెం నుంచి వచ్చింది. బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకున్నాక, అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో యూనిక్స్ మొదలుపెట్టారు. దూరం నుంచి యూనిక్స్‌లోకి రావాలంటే మోడెమ్‌తో ఫోన్ కలపాలి. అవతలివాడు ఫోన్ పెట్టేస్తే లైన్‌లో మోత ఆగిపోతుంది. యూనిక్స్ ఆ సంగతి పసిగట్టి, ఆ మనిషి నడుపుతున్న ప్రోగ్రాములన్నిటికీ ఒక సంకేతం పంపుతుంది. దాని పేరు 'హ్యాంగప్', దాని సంఖ్య 1. ఫోన్ పెట్టేశాడు, ఇక సర్దుకోండి అని దానర్థం. ఇంకా చేతిలో పని ఉన్నవాళ్లకోసం 'నోహప్' అని వేరే ఆదేశం పెట్టారు. నేను ఫోన్ పెట్టేసినా నా పని ఆపకు అని చెప్పి వెళ్లడం. నాకు తెలిసినంతలో కంప్యూటర్‌తో మనిషి అన్న మొదటి "పోయొస్త" ఇదే, కాకపోతే అది ముందే చెప్పాలి. లైన్ తెగినాక చెబుతానంటే కుదరదు.

ఎవరినైనా పంపించాలంటే ఈ సంకేతాలనే చేత్తో పంపాలి. 'హూ' అని కొడితే లోపల ఎవరెవరు ఉన్నారో, ఏ టెర్మినల్ మీద, ఎప్పటినుంచి ఉన్నారో జాబితా వస్తుంది. అందులో ఒక వరుసను చూసుకుని, ఆ టెర్మినల్‌కు చెందిన ప్రోగ్రాముకు 'కిల్' ఆదేశం. పేరు భయంకరంగా ఉంది గానీ అది సంకేతం పంపడం మాత్రమే. 1 పంపితే ఫోన్ పెట్టేసినట్టు. 15 పంపితే దయచేసి ముగించుకోమన్నట్టు. 9 పంపితే మాట్లాడే అవకాశం లేకుండా మెడ పట్టి గెంటినట్టు, ఆ ప్రోగ్రాముకు ఫైలు భద్రం చేసుకునే వీలు కూడా ఉండదు. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు నేరుగా 9 దగ్గరికే వెళ్తారు. త్వరగా అవుతుంది మరి. ఇంకో చిక్కు కూడా ఉంది. పేరు మీద పంపితే ఆ పేరున్న సెషన్లన్నీ పోతాయి. ఒకే మనిషి రెండు చోట్ల కూర్చుని ఉంటే, పాడైన దాన్ని తీయబోయి పని నడుస్తున్నదాన్నీ తీసేస్తాం. మనిషి వేరు, సెషన్ వేరు. తీయాల్సింది సెషన్‌ను.

ఫోన్ లైన్లు పోయి ఇంటర్నెట్ వచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. ఇంటర్నెట్‌లో కొక్కెం లేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఊరుకున్నారంటే, ఊరుకున్నారో, తీగ తెగిందో, కరెంటు పోయిందో తెలుసుకునే మార్గం దానంతట దానికి లేదు. అప్పుడప్పుడు "ఉన్నవా?" అని అడిగి చూడొచ్చు. 1989 అక్టోబర్‌లో రాసుకున్న ఇంటర్నెట్ నియమాల్లో, అలా అడగడం మామూలుగా రెండు గంటల కంటే ముందు మొదలుకాకూడదని పెట్టారు. అప్పట్లో కొన్ని లైన్ల మీద పంపే ప్రతి ప్యాకెట్‌కూ ఖర్చు. లినక్స్‌లో ఆ 7200 సెకన్ల లెక్క ఇప్పటికీ అలాగే ఉంది. అంటే వానాకాలం గాలిదుమారానికి బాన్సువాడలో కరెంటు పోతే, నేను హైదరాబాద్ సర్వర్‌లో తెరిచి ఉంచిన సెషన్‌కు నేను పోయానని రెండు గంటల దాకా తెలియకపోవచ్చు. కరెంటు పది నిమిషాల్లో వస్తుంది. మళ్లీ లోపలికి వెళ్లి చూస్తే జాబితాలో నా పేరు రెండుసార్లు. ఒకటి నేను, ఒకటి నా దయ్యం. దయ్యాన్ని నేనే పంపించుకోవాలి.

1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తాతు ఉలొనెన్, తమ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తున్నారని తెలిసి 'ఎస్ఎస్‌హెచ్' రాశాడు. దారిలో వినేవాళ్లనుంచి అది కాపాడింది. దయ్యాల సంగతి మాత్రం అలాగే ఉంది.

మన దగ్గరికి వద్దాం. ఇక్కడి జనం దూరపు కంప్యూటర్‌ను ఎరిగింది చాలావరకు కిటికీ ఇవతల నిలబడి. 1994 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో 'కాన్సర్ట్' అనే రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ వచ్చింది, 1999 ఏప్రిల్ నాటికి దేశంలోని ఐదు రిజర్వేషన్ కేంద్రాలూ దానితో కలిసిపోయాయి. 1998 నవంబర్ 4న రిజిస్ట్రేషన్ ఆఫీసులకు 'కార్డ్' వచ్చింది. 2001లో జంటనగరాల్లో ఈసేవ, 2011లో మీసేవ. 2020 అక్టోబర్ 29న ధరణి. అవును, ఆర్పానెట్ కుప్పకూలిన రాత్రికి సరిగ్గా 51 ఏళ్లు. ఎవరూ కావాలని ఎంచుకుని ఉండరు. ధరణితో తహసీల్దార్లు వ్యవసాయ భూములకు జాయింట్ సబ్ రిజిస్ట్రార్లయ్యారు, లాగిన్ అనే మాట పట్టాదారు పాస్‌బుక్కు పక్కన చేరింది. "మా ఫైలు ఎమ్మార్వో లాగిన్ల ఉన్నది", "కలెక్టర్ లాగిన్‌కు పోయింది" అని రైతులు మాట్లాడుకుంటుంటే వినేవాణ్ని. దస్తావేజు ఒక బల్ల మీద ఉన్నట్టుగానే ఆ మాట. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, మాట మాత్రం మిగిలింది.

వెబ్‌సైట్లలో సెషన్ వేరే రకం, దాన్ని ఇక్కడ త్వరగా దాటేస్తాను. అక్కడ సర్వర్ మీ కోసం కుర్చీ పట్టి ఉంచదు. రాగానే చేతికి ఒక చీటీ ఇస్తుంది, ప్రతి మాటకూ ఆ చీటీ చూపాలి. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి చేసిన 'కుకీ' అదే. కాసేపు కదలకపోతే చీటీ చెల్లదు. సగం నింపిన దరఖాస్తు ముందు "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని కనిపించిన ఎవరికైనా ఆ సంగతి తెలుసు.

మిల్లుల సర్వర్లలో కుర్చీ పట్టి ఉంచే పద్ధతే. దాని వెనక ఉన్న మనిషి ఎడ్ యాకబూచి. ఐబీఎంలో ఓఎస్-2 పని చూసినవాడు, 1989లో బయటికొచ్చి సిట్రిక్స్ పెట్టాడు. ఒక్క మనిషి కోసం చేసిన విండోస్‌ను పదిమంది దూరం నుంచి పంచుకునేలా చేయడం అతని ఆలోచన. 1995లో 'విన్‌ఫ్రేమ్' వచ్చింది. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని సిట్రిక్స్ నుంచి తీసుకుని 1998లో టెర్మినల్ సర్వర్ పేరుతో అమ్మింది, 2000లో వచ్చిన విండోస్ సర్వర్‌లో భాగం చేసింది.

ఇందులోనే "పోయొస్త" నిజంగా వచ్చింది. కిటికీ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి లేచిపోతే సెషన్ ముగియదు, 'డిస్కనెక్ట్' అవుతుంది. తెరిచిన లెడ్జరు తెరిచినట్టే, సగం కొట్టిన ఓచరు సగంలోనే సర్వర్‌లో కూర్చుని ఉంటాయి. రాత్రి ఇంటి నుంచి మళ్లీ వస్తే అదే అక్షరం దగ్గర కర్సర్ మిణుకుమంటుంది. 'సైన్ ఔట్' అని వెతికి నొక్కితేనే నిజంగా వెళ్లినట్టు. నేను చూసిన గుమస్తాల్లో పదికి తొమ్మిదిమంది ఇంటూ నొక్కేవాళ్లే. బాన్సువాడ బస్టాండులో కిటికీలోంచి సీటు మీద టవల్ వేసి టీ తాగడానికి వెళ్లినట్టు. బస్సు నిండా టవళ్లు, మనుషులు లేరు. వేరుగా లైసెన్సులు కొనకపోతే విండోస్ సర్వర్ నిర్వహణ కోసమని ఇద్దరినే ఒకేసారి రానిస్తుంది. రెండు టవళ్లు పడ్డాయంటే మూడోవాడికి చోటు లేదు. నాకు ఫోన్ వస్తుంది.

చాలాచోట్ల దీనికి వాడే మందు సర్వర్‌ను ఆపి మళ్లీ వేయడం. "బంద్ జేసి స్టార్ట్ చెయ్, అదే అయితది." అవుతుంది, నిజమే. ఒక్క టవల్ తీయడానికి బస్సులో అందరినీ దింపినట్టు. వడ్ల సీజన్‌లో ఒకడు ట్రక్ షీట్లు ఎక్కిస్తుంటాడు, ఒకడు గన్నీ సంచుల లెక్క, ఇంకొకడు హమాలీల కూలి. బటన్ నొక్కిన చేతికి వాళ్లెవరూ కనిపించరు.

సరైన పద్ధతి ఇది. సర్వర్ మీద 'క్వెరీ యూజర్' అని కొడితే పేర్ల పట్టిక వస్తుంది. ప్రతి పేరుకూ ఒక సెషన్ సంఖ్య, మనిషి ఉన్నాడా లేక టవలేనా అన్న స్థితి, ఎంతసేపటి నుంచి చెయ్యి కదలలేదు, ఎప్పుడు వచ్చాడు. ఆ సంఖ్యను చూసి 'లాగాఫ్' పక్కన అదే సంఖ్య కొట్టాలి. ఆ ఒక్క సెషన్ మూతపడుతుంది, భద్రం చేయని పని పోతుంది. 'రీసెట్ సెషన్' అని ఇంకోటి ఉంది. లాగాఫ్‌కు కూడా కదలకుండా బిగుసుకుపోయిన సెషన్ల కోసం, ఇంచుమించు యూనిక్స్ 9 లాంటిది. డిస్కనెక్ట్ చేసే ఆదేశమూ ఉంది, అది మనిషిని బయటికి పంపినా టవల్‌ను వదిలేస్తుంది కాబట్టి చోటు ఖాళీ కాదు. వీటన్నిటికంటే ముందు కొట్టాల్సింది 'మెసేజ్'. ఎదుటివాడి తెర మీద ఒక చిన్న పెట్టెలో మన మాట కనిపిస్తుంది. ఐదు నిమిషాల్లో మూస్తున్నా, సేవ్ చేసుకో అని. మల్టిక్స్ ఇచ్చిన గడువు లాంటిదే, కాకపోతే ఇక్కడ దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది నా ఇష్టం. టవల్ వేసి వెళ్లినవాడికి ఆ పెట్టె కనిపించదు. ఫోన్ చేయాలి. 1969లో డువాల్ చెవి దగ్గర ఉన్నట్టు.

ఒక మిల్లులో ఇద్దరు గుమస్తాలు ఒకే ఐడీ వాడేవాళ్లు. ఒక మనిషికి ఒకే సెషన్ అన్నది సర్వర్ మామూలు నియమం. కాబట్టి రెండోవాడు లోపలికి రాగానే మొదటివాడు బయటపడేవాడు, వాడు తెరిచిన కాగితాలన్నీ వీడి ముందు ప్రత్యక్షం. వాడు మళ్లీ వస్తే వీడు బయటికి. "అన్నా, నన్నెవరో నూకుతున్నరు" అని ఇద్దరూ నాకే ఫోన్. వైరస్ అని ఒకరు, యజమాని చూస్తున్నాడని ఒకరు. ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని ఉన్నారు.

నవ్వు రానిది ఇంకొకటి చెప్తాను. పేర్లు వద్దు. మా దగ్గర ప్రతి వాడలో గల్ఫ్‌కు పోయినవాళ్లుంటారు. ఒక మిల్లులో ఐదారేళ్లు లెక్కలు చూసిన పిల్లవాడు షార్జాలో ఒక దుకాణంలో పని దొరికి వెళ్లాడు. మిల్లు లెక్కలు మాత్రం వదల్లేదు. అక్కడ రాత్రి పదికి దుకాణం మూస్తే ఇక్కడ పదకొండున్నర. అప్పుడు గదికి వెళ్లి, నేను పెట్టిచ్చిన వీపీఎన్ ద్వారా మిల్లు సర్వర్‌లోకి వచ్చి, ఆ రోజు లారీలన్నీ ఎక్కించేవాడు. నెలకు కొంత డబ్బు అతని తల్లి చేతికి అందేది. రెండు పంటల కాలం ఇలా నడిచింది. రోజూ ఇంటూ నొక్కి పడుకునేవాడు. పొద్దున పట్టికలో అతని పేరు పక్కన టవల్ గుర్తు. నేనెప్పుడూ తీయలేదు. మిల్లులో అందరికీ సరిపడా లైసెన్సులున్నాయి, చోటుకు కొదువ లేదు.

యజమాని మేనల్లుడు బీకాం అయిపోయి మిల్లుకు వచ్చాడు. ఒక సాయంత్రం యజమాని నాకు ఫోన్ చేసి "వాని లైన్ కోసెయ్, ఐడీ బంద్ చెయ్" అన్నాడు. "అతనికి చెప్పిన్రా?" అన్నాను. "కోస్తే వానికే తెలుస్తది గద." పట్టిక తీశాను. అతని పేరు, సంఖ్య 3, డిస్కనెక్ట్. లాగాఫ్ 3 అని కొడితే సాంకేతికంగా అయిపోయింది. రాత్రి పదకొండున్నరకు షార్జాలో ఒక గదిలో "మీ ఖాతా నిలిపివేయబడింది" అన్న ఇంగ్లీషు ముక్క ఒకటి కనిపిస్తుంది, అదే అతని హిసాబు. సర్వర్ నాకిచ్చిన అధికారంలో ఇదంతా ఉంది, ఎవరినీ అడగనక్కర్లేదు. "సేట్, మీరు ఒక్క ఫోన్ చెయ్యిన్రి. చేసినంక నేను తీస్త. లోపల ఏం తెరిచి పెట్టిండో మనకు తెల్వదు, సగం లారీలు పోతే సివిల్ సప్లైస్‌కు మీరే చెప్పుకోవాలె" అన్నాను. మర్యాద కోసం అడిగితే ఒప్పుకోకపోయేవాడు, లారీల కోసమంటే ఒప్పుకున్నాడు. ఫోన్ చేశాడో, చేయించాడో.

ఆ రాత్రి నేను పట్టిక తెరిచి కూర్చున్నాను. పదకొండు నలభైకి సంఖ్య 3 పక్కన డిస్కనెక్ట్ పోయి యాక్టివ్ అయింది. సుమారు గంటసేపు అలాగే ఉంది. ఏం చేస్తున్నాడో తెర మీద చూసే వీలు నాకుంది, చూడలేదు. పన్నెండు నలభై దాటాక మళ్లీ పట్టిక అడిగితే ఆ వరుసే లేదు. ఇంటూ కాదు, సైన్ ఔట్ నొక్కాడు. నేను ఐడీ ఆపేశాను.

పొద్దున మేనల్లుడు ట్యాలీ తెరిస్తే లారీలన్నీ ఆనాటిదాకా ఎక్కి ఉన్నాయి. మిల్లు ఫోల్డర్‌లో ఒక కొత్త ఎక్సెల్ ఫైలు కూడా ఉంది. ఏ సొసైటీకి తరుగు ఎలా కట్టాలి, ఏ లెడ్జరు పేరు మీద రెండు పార్టీలు కలిసి ఉన్నాయి, ఎవరి గన్నీ సంచులు ఇంకా రావాలి, అన్నీ తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి పెట్టాడు. కింద ఎనిమిదో వరుసలో ఒక లెక్క మేనల్లుడికి అర్థం కాలేదు. నన్ను అడిగితే నాకేం తెలుస్తుంది! మధ్యాహ్నం బోటిమ్‌లో షార్జాకు ఫోన్ కలిపాడు, అవతల ఎత్తాడు.